పెద్దగా పేరు లేని సూపర్‌హీరో కామిక్స్ చదవదగినవేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మీకు 24 ఏళ్లు, ఉండేది విశాఖలోనే. సినిమాలలో వచ్చే పెద్ద సూపర్‌హీరోలంటే మొహం మొత్తింది. అంతగా పేరు లేని పాత్రల కామిక్స్ చదవాలని ఉంది గాని, "బాగుంటే పేరు వచ్చేది కదా?" అన్న అనుమానం వెనక్కి లాగుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా కొనాలి అని కూడా అడిగారు.

సూటిగా చెబుతాను. తప్పకుండా చదవండి. జేమ్స్ రాబిన్సన్ రాసిన 'స్టార్‌మ్యాన్'తో మొదలుపెట్టండి. 1994 నుంచి 2001 దాకా నడిచిన కథ అది, మొదలూ చివరా ఉన్న కథ. హిందీ చదవగలిగితే దానితోపాటు అనుపమ్ సిన్హా సృష్టించిన సూపర్ కమాండో ధ్రువ పుస్తకాలు కూడా పక్కన పెట్టుకోండి. ముప్పై అయిదేళ్లుగా ఇవి చదువుతున్నాను, పన్నెండేళ్లుగా ఆదివారాలు మా ఇంట్లో పిల్లలకూ పెద్దలకూ ఇచ్చి చదివిస్తున్నాను. నాకు దొరికిన మంచి సూపర్‌హీరో కథలలో ఎక్కువ భాగం పేరు రాని వాళ్లవే. అది యాదృచ్ఛికం కాదు.

కారణం ఏమిటంటే, పేరున్న వీరుడు కంపెనీకి బంగారు గుడ్లు పెట్టే బాతు. సూపర్‌మ్యాన్ 1938లో పుట్టాడు, బ్యాట్‌మ్యాన్ 1939లో పుట్టాడు. ఇద్దరి బొమ్మలూ చొక్కాల మీద, పిల్లల బడి సంచుల మీద, నీళ్ల సీసాల మీద అమ్ముడుపోతూనే ఉన్నాయి. వాళ్లకు వయసు మీద పడకూడదు, చేతనైన పని చేతకాకుండా పోకూడదు, ఊరు విడిచి వెళ్లిపోకూడదు. వాళ్ల కథ రాయడానికి ఏ రచయిత వచ్చినా అద్దె ఇంట్లో దిగినట్టే. గోడకు మేకు కొట్టాలన్నా యజమానిని అడగాలి, ఖాళీ చేసేటప్పుడు సున్నం వేయించి ఎలా తీసుకున్నాడో అలాగే అప్పగించాలి. పేరు లేని పాత్ర పాడుబడిన పెంకుటిల్లు. దాన్ని ఎవరూ అడగరు. అటువైపు వచ్చిన రచయిత గోడ పడగొట్టి గది వేసుకోవచ్చు, పెరట్లో బావి తవ్వుకోవచ్చు. ఆ పాత్ర ముసలివాడు కావచ్చు, ఓడిపోవచ్చు, పెళ్లి చేసుకుని వెళ్లిపోవచ్చు. పెద్ద వీరులలో దొరకనిది, చిన్న వీరులలో దొరికేది ఇదే: మార్పు, ముగింపు.

'స్టార్‌మ్యాన్' అనే పేరు చూడండి. 1941లో టెడ్ నైట్ అనే ఖగోళ శాస్త్రవేత్తగా మొదలైంది. నక్షత్రాల శక్తిని ఒక దండంలోకి పట్టి దానితో ఎగిరేవాడు. అమ్మకాలు అంతంత మాత్రం, కొన్నేళ్లకే మూలన పడ్డాడు. తర్వాత అదే పేరుతో 1976లో నీలి రంగు చర్మం ఉన్న గ్రహాంతరవాసి వచ్చాడు, 1980లో ఒక అంతరిక్ష రాజకుమారుడు వచ్చాడు, 1988లో విల్ పేటన్ అనే మామూలు యువకుడు వచ్చాడు. ఒకరికొకరికి సంబంధం లేదు, ఎవరూ నిలబడలేదు. రాబిన్సన్, చిత్రకారుడు టోనీ హారిస్ కలిసి 1994లో ఈ పారేసిన పేర్లన్నిటినీ ఏరుకొచ్చి, అందరినీ ఒకే కుటుంబ కథలోకి తెచ్చారు.

కథానాయకుడు జాక్ నైట్, ఆ పాత టెడ్ నైట్ చిన్న కొడుకు. సూపర్‌హీరో కావాలన్న కోరిక అతనికి లేశమైనా లేదు. అతనిది పాత వస్తువుల దుకాణం. పాత చొక్కాలు, పాత బొమ్మలు, పాత రికార్డులు, వాటి మీదే అతని ప్రాణం. తండ్రి పేరును మోసే బాధ్యత అన్న డేవిడ్ తీసుకుంటాడు. మొదటి పుటలలోనే డేవిడ్ హత్యకు గురవుతాడు. దండం జాక్ చేతికి వస్తుంది. ఒప్పుకోవడానికి జాక్ ఒక షరతు పెడతాడు. నేను ఊరిని కాపాడతాను, బదులుగా మీరు ఈ నక్షత్ర శక్తిని దెబ్బలాటలకు గాక జనం అవసరాలకు పనికొచ్చేలా తయారు చేయండి అని తండ్రిని అడుగుతాడు. ఈ బేరం చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. అంత శక్తి ఇంట్లో ఉండి దొంగలను కొట్టడానికి మాత్రమే వాడుతున్నారేమిటని ఎవరైనా అడగాలి కదా. జాక్ అడిగాడు. అతనికి ప్రత్యేక దుస్తులు కూడా లేవు, తోలు కోటు, కళ్లకు గాలి అద్దాలు, అంతే.

ఏడాదికి ఒకసారి జాక్ చచ్చిపోయిన అన్నతో మాట్లాడే సంచిక ఒకటి వస్తుంది. మిగతా కథంతా రంగులలో ఉంటే ఆ మాటలు మాత్రం నలుపు తెలుపులలో ఉంటాయి. బతికుండగా ఆ అన్నదమ్ములకు పడేది కాదు. నాకు స్టార్‌మ్యాన్ పరిచయమైంది ఆ సంచికలలో ఒకదానితోనే. 2001లో జగదాంబ కూడలి దగ్గర పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు అమ్మే ఒక పెద్దాయన దగ్గర ఒక కట్ట కొన్నాను. నేవీ కుటుంబం ఏదో బదిలీ మీద వెళ్తూ తూకానికి అమ్మేసిన కట్ట అది. విశాఖలో ఇంగ్లీషు కామిక్స్ మాకు అలాగే దొరికేవి. బదిలీల కాలంలో ఇళ్లు ఖాళీ అయ్యేటప్పుడు చిత్తు కాగితాల బండ్ల వెంట పడేవాళ్లం. ఆ కట్ట మధ్యలో ముందూ వెనకా ఏమీ లేని ఒకే ఒక్క సంచిక, ఇద్దరు అన్నదమ్ములు మాట్లాడుకుంటున్న నలుపు తెలుపు పుటలు. ఒకరు బతికి లేరన్న సంగతి నాలుగైదు పుటలు చదివితే గాని నాకు అర్థం కాలేదు. మిగతా సంచికలు సంపాదించడానికి తర్వాత ఆరేళ్లు పట్టింది.

ముగింపు చెప్పను. 80వ సంచికతో కథ అయిపోతుంది, రచయిత కావాలనుకున్న చోట, కావాలనుకున్న తీరులో అయిపోతుంది. ఒక సూపర్‌హీరో కథ ఇలా నిండుగా ముగియడం ఎంత అరుదో కొన్నాళ్లు చదివాక మీకే తెలుస్తుంది.

ఇక రెండోది, 'డూమ్ పెట్రోల్', ఒక వీరుల దళం కథ. ఇక్కడ ముగింపు చెప్పక తప్పదు, చెప్పకపోతే నేనెందుకు దీన్ని ఇంత పట్టుకు తిరుగుతున్నానో మీకు తెలియదు. 1963 జూన్ సంచికతో మొదలైంది. ప్రమాదంలో శరీరం పోయి మెదడు మాత్రం ఇనుప శరీరంలో మిగిలిన క్లిఫ్ స్టీల్, ఒంటినిండా కట్లు కట్టుకుంటే తప్ప మనుషుల మధ్య తిరగలేని లారీ ట్రైనర్, పెరుగుతూ తరుగుతూ ఉండే సినిమా నటి రీటా ఫార్, చక్రాల కుర్చీలో కూర్చుని వాళ్లను నడిపించే 'చీఫ్'. వీళ్లను లోకం వింతగా చూస్తుంది, వాళ్లు ఆ లోకాన్నే కాపాడతారు. అదే ఏడాది మూడు నెలల తర్వాత, చక్రాల కుర్చీ నాయకుడితోనే, 'ఎక్స్-మెన్' వచ్చింది. దాని సంగతి ప్రపంచమంతా ఎరుగును. డూమ్ పెట్రోల్ 1968లో 121వ సంచికతో ఆగిపోయింది.

ఆ ఆఖరి సంచిక రాసింది ఆర్నల్డ్ డ్రేక్, బొమ్మలు బ్రూనో ప్రెమియాని. అమ్మకాలు పడిపోయాయి, పత్రిక మూతపడుతోంది. శత్రువులు ఈ నలుగురినీ ఒక దీవిలో చిక్కించుకుని ఒక బేరం పెడతారు. మెయిన్ రాష్ట్రంలో కాడ్స్‌విల్ అనే చేపలు పట్టేవాళ్ల పల్లె ఉంది, జనాభా 14 మంది. ఆ పల్లెనైనా పేల్చేస్తాం, మిమ్మల్నైనా పేల్చేస్తాం, ఏది కావాలో చెప్పండి అంటారు. పద్నాలుగు మంది అనామకుల కోసం ఎవరు చస్తారు, ప్రాణభిక్ష అడుగుతారు, లోకం ముందు పరువు పోతుంది అని శత్రువు లెక్క. నలుగురూ ఒక్క గొంతుతో మమ్మల్ని పేల్చుకో అంటారు. పేల్చేస్తాడు. చచ్చిపోతారు. తర్వాత ఆ పల్లె వాళ్లు ఊరి పేరు మార్చుకుని 'నలుగురు వీరులు' అని పెట్టుకుంటారు.

పెద్ద జాలరిపేటలో నాకు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నారు. తెల్లవారుజామున నడకకు వెళ్లినప్పుడు ఒడ్డున వలలు బాగుచేస్తూ కనిపిస్తారు. చదువుకోలేదు. ఒక రోజు మాటల సందర్భంలో ఈ కథ చెప్పాను. ఆయన చేతిలోని నైలాను దారం ఆపలేదు. ముడి వేస్తూ, బిగిస్తూ, చివర పంటితో కొరుకుతూ మొత్తం విన్నారు. అయిపోయాక ఒకే ప్రశ్న అడిగారు. "ఆ పద్నాలుగు మందికీ సంగతి తెలిసిందా బాబూ?" ఊరికి వాళ్ల పేరు పెట్టుకున్నారని చెప్పాను. "అయితే సరే" అని మళ్లీ వల మీదకు వంగారు. యాభై ఏళ్లకు పైగా ఈ సంచిక మీద ఎందరో రాశారు, నేనూ చాలా చదివాను. ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. వేట మీద వెళ్లినవాళ్ల సంగతి ఒడ్డుకు తెలియడం ఎంత పెద్ద విషయమో ఆయనకు తెలుసు. ఇంటికి వచ్చి ఆ పుటలు మళ్లీ తీసి చూశాను, నలుగురి మీద కాకుండా పల్లె మీద కన్ను పెట్టి. కథ మారిపోయింది.

ఒక సంగతి దాచకూడదు. కామిక్స్‌లో చావు చాలావరకు తాత్కాలికం, చిన్న వీరులకైనా అంతే. ఇనుప శరీరపు క్లిఫ్ 1977లో తిరిగి వచ్చాడు, తర్వాత మరికొందరు వచ్చారు. 1989లో గ్రాంట్ మారిసన్ ఈ పత్రికను చేపట్టి కలలూ పీడకలలూ కలిపినట్టు రాశాడు. అదీ గొప్పదే. కాని దానితో మొదలుపెట్టకండి. ముందు పాత డ్రేక్ కథలు చదివి, తర్వాత దాని దగ్గరకు వెళ్లండి. మా ఆదివారం బృందంలో ముగ్గురు మారిసన్‌తో మొదలుపెట్టి, ఇవన్నీ ఇలాగే అయోమయంగా ఉంటాయనుకుని మానేశారు. ఆ ముగ్గురినీ పోగొట్టుకున్నది నా సలహా వల్లనే, అప్పటి నుంచి ఈ వరుస మార్చాను.

ఇప్పుడు మన దేశం వైపు వస్తాను.

నా చిన్నతనం ఉక్కునగరంలో గడిచింది. స్టీల్ ప్లాంటు కడుతున్న రోజుల్లో భిలాయి నుంచి, రూర్కెలా నుంచి, బొకారో నుంచి పని తెలిసినవాళ్లు వచ్చి మా క్వార్టర్ల చుట్టూ కాపురాలు పెట్టారు. వాళ్ల పిల్లలు సెలవులకు ఊళ్లకు వెళ్లి వచ్చేటప్పుడు రైల్వే స్టేషన్లలో కొన్న రాజ్ కామిక్స్ అనే సంస్థ హిందీ పుస్తకాలు తెచ్చేవాళ్లు. చందమామ తప్ప మరొకటి ఎరగని నాకు అవి కొత్త లోకం. ఒక్కో పుస్తకం ఇరవై ఇళ్లు తిరిగేది. అట్ట ఊడితే మెత్తటి అన్నం మెతుకులు మెదిపి అతికించి, పైన రుబ్బురోలు పొత్రం పెట్టేవాళ్లం. నా హిందీ బడిలో నేర్చినది కాదు, ఆ మాటల బుడగలలో నేర్చినది.

ఉత్తరాదిలో సూపర్ కమాండో ధ్రువ తెలియని ఇల్లు ఉండకపోవచ్చు. మన దగ్గర పేరు చెబితే చాలామంది పురాణంలోని ధ్రువుడనుకుంటారు. 1987లో 'ప్రతిశోధ్ కీ జ్వాలా'తో మొదలయ్యాడు. జూపిటర్ సర్కస్‌లో పుట్టినవాడు, తల్లిదండ్రులు ఊయల విన్యాసాలు చేసేవాళ్లు. పోటీ సర్కస్ వాళ్ల కుట్రలో సర్కస్ తగలబడిపోతుంది, అందరూ పోతారు. తర్వాత ఒక పోలీసు అధికారి ఇంట్లో పెరుగుతాడు. బ్యాట్‌మ్యాన్ వెంట ఉండే రాబిన్ పుట్టుకను ఇది గుర్తుకు తెస్తుంది, ఆ మాట అనేవాళ్లతో నాకు తగువు లేదు. ధ్రువ గొప్పతనం అక్కడ లేదు. ముసుగు లేదు, ఎగరలేడు, గుద్దితే గోడ పగలదు. ఆపదలో పడినప్పుడు ఆలోచిస్తాడు, ఆ ఆలోచన మనకు బుడగలో కనిపిస్తుంది. ఈ గదిలో ఏమున్నాయి, వీటితో ఏం చేయగలను, శత్రువు బలం దేని మీద ఆధారపడి ఉంది. తరగతిలో చెప్పిన భౌతిక శాస్త్రం ఒక మనిషి ప్రాణం కాపాడుతుంటే చూసిన మొదటి చోటు నాకు అదే. తొమ్మిదో తరగతిలో మా సైన్సు మాస్టారు ఘర్షణ గురించి చెబుతుంటే నేను ధ్రువ కాళ్లకు ఉండే స్కేట్ల గురించి ఆలోచించేవాణ్ణి.

ధ్రువ పుస్తకాలు వేసిన రాజ్ కామిక్స్‌దే డోగా. ముంబయిలో, కుక్క ముసుగు వేసుకుని తిరిగేవాడు. చెత్తకుప్పలో దొరికిన పసివాణ్ణి ఒక బందిపోటు పెంచుతాడు. వాడు పెద్దయ్యాక అతనికి విద్యలు నేర్పే నలుగురు బాబాయిల పేర్లు అదరక్, హల్దీ, ధనియా, కాలీమిర్చ్. అల్లం, పసుపు, ధనియాలు, మిరియాలు అన్నమాట. పోపుల డబ్బా లాంటి ఈ నలుగురంటే నాకు చాలా ఇష్టం. అంత చీకటి కథలో వాళ్లు ఉన్న పుటలలోనే కాస్త వెలుతురు ఉంటుంది. జాగ్రత్త కూడా చెప్పాలి: డోగా మనుషులను చంపుతాడు, కథల్లో రక్తపాతం ఎక్కువ. ఇంట్లో చిన్నపిల్లలుంటే పై అరలో పెట్టండి.

మా పక్క క్వార్టరులో తమిళ కుటుంబం ఉండేది. వాళ్ల ఇంట్లో 'ఇరుంబుక్కై మాయావి' పుస్తకాలు ఉండేవి, ఇనుప చేతి మాయావి. విద్యుత్ ఘాతం తగిలితే ఒళ్లంతా మాయమై ఉక్కు చెయ్యి ఒక్కటే గాలిలో కనిపిస్తుంది. తమిళ అక్షరం ఒక్కటి రాకపోయినా బొమ్మలు చూస్తూ గంటలు గడిపేవాణ్ణి. అది తమిళ కథే అనుకున్నాను, చాలా ఏళ్లు అనుకున్నాను. నిజానికి 1962లో బ్రిటన్‌లో 'వేలియంట్' అనే పత్రికలో 'ది స్టీల్ క్లా'గా మొదలైంది. 1972లో తమిళంలో ముత్తు కామిక్స్ మొదటి పుస్తకంగా వచ్చింది. పుట్టిన దేశంలో పాతవాళ్లు తప్ప తలచుకోని పాత్ర, తమిళ ఇళ్లలో మూడు తరాలకు తెలుసు. "బాగుంటే పేరు వచ్చేది కదా" అన్న మీ అనుమానానికి నా దగ్గర ఉన్న గట్టి జవాబు ఈ ఉక్కు చెయ్యే. మంచి కథ అయితే సరిపోదు, సరైన ఇంటి గుమ్మం కూడా దొరకాలి.

మరికొన్ని, కాస్త త్వరగా.

'ది క్వశ్చన్'. 1967లో స్టీవ్ డిట్కో సృష్టించిన పాత్ర. విక్ సేజ్ అనే టీవీ విలేకరి, ముఖం మీద ముఖమే లేనట్టు కనిపించే ముసుగు. కళ్లు, ముక్కు, నోరు ఏవీ కనిపించవు. మీరు చదవాల్సింది డెన్నీ ఓనీల్ రాసి డెనిస్ కోవన్ బొమ్మలు వేసిన 36 సంచికలు, 1987 నుంచి 1990 దాకా వచ్చినవి. మొదటి సంచికలోనే అతన్ని చావగొట్టి నదిలో పారేస్తారు. బతికి బయటపడ్డాక కోపం ఎలా అదుపులో పెట్టుకోవాలో నేర్చుకుని, లంచాలతో కుళ్లిపోయిన హబ్ సిటీకి తిరిగి వస్తాడు. ఒక ఊరిని ఒక్క మనిషి బాగుచేయగలడా అన్న ప్రశ్నను ఇంత నిజాయితీగా అడిగిన సూపర్‌హీరో కథ నేను చదవలేదు. జవాబు తియ్యగా ఉండదు. ఉద్యోగంలో, ఊరి వ్యవహారాలలో ఎదురుదెబ్బలు తిన్నవాళ్లకు ఇది బాగా పడుతుంది. నా మిత్రుడొకరు, తాలూకా కార్యాలయంలో పనిచేసినవారు, మూడు రాత్రుల్లో ముగించి పుస్తకం తిరిగి ఇవ్వడానికి నెల రోజులు తీసుకున్నారు.

'స్క్విరెల్ గర్ల్'. ఉడుతల బలం, ఉడుతలతో స్నేహం, వెనక ఉడుత తోక. పేరు వింటేనే పక్కన పెట్టేస్తారు, పెట్టకండి. 1991లో విల్ మరీ, స్టీవ్ డిట్కో సృష్టించిన ఈ అమ్మాయి తొలి కథలోనే డాక్టర్ డూమ్ అంతటి పెద్ద విలన్‌ను ఉడుతల గుంపుతో ఓడించింది. తర్వాత చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 2015లో రయన్ నార్త్ రాయడం, ఎరికా హెండర్సన్ గీయడం మొదలుపెట్టాక అసలు రూపం వచ్చింది. ఈ అమ్మాయి అసలు పేరు డోరీన్ గ్రీన్, కంప్యూటర్ సైన్సు విద్యార్థిని. గ్రహాలను మింగే గెలాక్టస్ భూమిని మింగడానికి వస్తుంటే అతనితో కూర్చుని మాట్లాడుతుంది. అతనికి ఆకలి అన్న సంగతి పట్టుకుని, కాయలూ గింజలూ నిండిన వేరే గ్రహం చూపిస్తుంది. ఒక సంచికలో వేళ్ల మీద ద్విసంఖ్యామానంలో (బైనరీ) లెక్కపెట్టడం నేర్పుతుంది, ఒక చేతి అయిదు వేళ్లతో సున్నా నుంచి 31 దాకా. మా మేనకోడలు పదేళ్ల వయసులో అది చదివి, పెళ్లి పందిట్లో భోజనాల బల్లల దగ్గర కూర్చున్నవాళ్లను ఒక్క చేత్తో లెక్కపెట్టి చూపించింది. బొటనవేలు ఒకటి, చూపుడువేలు రెండు, మధ్యవేలు నాలుగు అని వివరిస్తుంటే వడ్డించేవాళ్లు కూడా ఆగి విన్నారు. పిల్లలకు మొదటి పుస్తకం ఇవ్వాలంటే నేను ఇదే ఇస్తాను.

'ఆస్ట్రో సిటీ'. కర్ట్ బుసియెక్, బ్రెంట్ ఆండర్సన్, 1995. మొదటి కథలో ఎగరగలిగే సమారిటన్ అనే వీరుడు ఉంటాడు. రోజంతా ఒక ఆపద నుంచి మరో ఆపదకు ఉరుకుతూ, ఎగరడంలోని ఆనందం అనుభవించడానికి తీరిక లేక, గాలిలో గడిపిన సెకన్లను లెక్కపెట్టుకుంటాడు. తనివితీరా ఎగిరేది కలలో మాత్రమే. ఇల్లు నడిపే ఏ గృహిణికైనా ఈ కథ వివరించనక్కర్లేదు. మా అక్క చదివి "ఇది నా కథే" అంది.

ఇప్పుడు హెచ్చరికలు. పేరు రాని ప్రతిదీ మాణిక్యం కాదు. చాలా పాత్రలు మరపుకు తగినవే. 1990ల మొదట్లో అమెరికాలో మొదటి సంచికలు దాచుకుంటే ధర పెరుగుతుందని జనం ఎగబడ్డారు. కంపెనీలు మెరిసే అట్టలతో కొత్త కొత్త వీరులను గుట్టలుగా దించాయి. ఆ బుడగ పేలింది, 1996 డిసెంబరులో మార్వెల్ అనే పెద్ద కామిక్స్ కంపెనీయే దివాలా రక్షణ కోరాల్సి వచ్చింది. ఆ కాలపు కట్టలు ఇప్పటికీ పాత పుస్తకాల దుకాణాలలో తగులుతుంటాయి. అట్ట మీద మెరుపు, లోపల పళ్లు కొరికే ముఖాలు. పాత్ర పేరు చూసి కొనకండి, రచయిత పేరు, చిత్రకారుడి పేరు చూసి కొనండి. ఒకే పాత్ర ఒకరి చేతిలో బతుకుతుంది, ఇంకొకరి చేతిలో మూలుగుతుంది. అలాగే దాచి అమ్ముకుందామన్న ఆలోచనతో దిగవద్దు. చదవడానికే కొనండి.

కొనడం గురించి. విడి సంచికల కోసం వెతకడం ఇప్పుడు అనవసరం. స్టార్‌మ్యాన్ మొత్తం ఆరు పెద్ద సంపుటాలుగా వచ్చింది. క్వశ్చన్‌కూ, పాత డూమ్ పెట్రోల్‌కూ సంపుటాలు ఉన్నాయి. ఖరీదు ఎక్కువే, అందుకే ముందు ఫోనులోనో టాబ్లెట్‌లోనో ఒకటి రెండు సంచికలు చదివి, నచ్చితేనే అచ్చు పుస్తకం తీసుకోండి. ధ్రువ, డోగా పుస్తకాలు హిందీలో తక్కువ ధరకే దొరుకుతాయి.

సముద్రం పక్కన ఉంటున్నారు కాబట్టి దాచడం గురించి కూడా ఒక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు మా మేడ మీది గది కిటికీ చెక్కతో సహా ఊడి వచ్చింది. ఏడు అట్టపెట్టెలు నానిపోయాయి. కరెంటు లేదు, ఫ్యాను లేదు. మర్నాటి నుంచి ఇంటిల్లిపాదీ పాత వార్తాపత్రికలు చింపి పుటల మధ్య పెట్టి, పూటకోసారి మార్చి, వసారాలో బట్టల తాళ్ల మీద పుస్తకాలు ఆరేశాం. ముతక న్యూస్‌ప్రింటు మీద అచ్చైన పాత సంచికలు అప్పడాల్లా వంకర తిరిగాయి గాని చదవడానికి మిగిలాయి. నున్నటి మెరుపు కాగితం మీద అచ్చైన ఖరీదైన సంపుటాలు ఆరేకొద్దీ పుటకు పుట అతుక్కుని ఇటుకల్లా గట్టిపడ్డాయి. ఒకదాన్ని విడదీయబోతే రంగు ఒక పుట నుంచి మరో పుటకు ఊడి వచ్చింది, జాక్ నైట్ ముఖం సగం ఇటు, సగం అటు. తడిసిన మెరుపు కాగితాన్ని తడిగా ఉన్నప్పుడే ఒక్కో పుటా విడదీసి మధ్యలో మైనపు పూత కాగితం పెట్టాలని తర్వాత తెలిసింది. కాబట్టి పుస్తకాలను నేల మీద, కిటికీ పక్కన ఉంచవద్దు. మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో, బీరువా పై అరలో పెట్టండి. వానాకాలం దాటాక ఒకసారి తీసి నీడలో ఆరబెట్టండి, ఎండలో వద్దు.

వరుస మళ్లీ అడుగుతారేమో. స్టార్‌మ్యాన్ మొదటి సంపుటం ముందు. అది నచ్చితే ఆస్ట్రో సిటీ, తర్వాత పాత డూమ్ పెట్రోల్, ఆ తర్వాత క్వశ్చన్. స్టార్‌మ్యాన్ నెమ్మదిగా ఉందనిపిస్తే బలవంతపెట్టుకోకండి, స్క్విరెల్ గర్ల్‌కు మారండి. మొదటి రెండు మూడు సంచికలకు కథ వేగం అందుకోదని మా బృందంలో చాలామంది అన్నారు, అయిదో సంచిక దాకా ఆగమని నేను అడుగుతాను. అన్నదమ్ములు మొదటిసారి మాట్లాడుకునేది అక్కడే. మీకు హిందీ ఎంతవరకు వచ్చో రాయండి, ధ్రువ కథల్లో ముందుగా ఏవి పట్టుకోవాలో దాన్ని బట్టి చెబుతాను.